రాహుకాలం దాటాక

షీబా ఏడుంబావుకల్లా వాషర్‌మెన్‌పేట్‌లో వరదయ్య ఇంటి ముందు టాక్సీ పెట్టింది. ఏడూ ఇరవైకి బయల్దేరాలన్నది ఆయనే. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, అరవై దాటిన మనిషి. సూళ్లూరుపేటలో చెల్లెలి కూతురికి నిశ్చితార్థం. మేనమామ లేనిదే తాంబూలాలు మార్చుకోరు. భార్య జయంతి పట్టుచీర కట్టుకుని, పూలూ పండ్లూ సర్దిన పళ్లెంతో ఎప్పుడో వాకిట్లోకి వచ్చేసింది. వరదయ్య మాత్రం అద్దం ముందు నిలబడి మీసానికి రంగు వేసుకుంటున్నాడు. ఆ రంగు ఆరేలోగా ఏడున్నర అయింది. సోమవారం ఏడున్నరకి రాహుకాలం. అప్పుడు గడప దాటితే దారిలో ఏ ప్రమాదం జరుగుతుందోనని తొమ్మిది దాకా సోఫాలో కదలకుండా కూర్చున్నాడు మహానుభావుడు.

తొమ్మిది కాగానే ఆయన కాళ్ల కింద నిప్పు అంటుకుంది. పదిన్నరకి యమగండం వస్తుంది, ఆలోపే తాంబూలాలు ముగియాలి.

"పదిన్నరకు ముందు నేను ఆడ ఉండాల. తెలిసిందా?" అన్నాడు కారెక్కుతూనే.

"పదీ నలభై అవతాది సార్. అంతకు ముందు కుదర్దు," అంది షీబా.

"కుదర్దంటే? ఊరు దాటినాక నూటిరవైలో తొక్కు, అదే కుదురుతాది."

దారిలో ఏమీ కాకూడదని గంటన్నర ఇంట్లో కూర్చున్న మనిషి అంటున్న మాట ఇది. షీబాకి ఒళ్లు మండింది. అయినా బండి తీసింది.

ఆమెకి భయముంది, ఆ భయానికి కారణముంది. తొమ్మిదేళ్లుగా టాక్సీ నడుపుతోంది. ఏడాదిలో రెండుసార్లు స్పీడుకి పట్టుబడింది. ఒకసారి విమానం అందుకోవాలన్నవాడి కోసం, ఇంకోసారి పరీక్షకి ఆలస్యమైందని ఏడ్చిన పిల్ల కోసం. దిగినవాళ్లు దిగిపోయారు, నోటీసులు ఆమెకి వచ్చాయి. మూడోసారి దొరికితే మూడు నెలలు లైసెన్సు తీసేస్తామని ఆర్టీవో ఆఫీసులో ముఖం మీదే చెప్పారు. అన్నాళ్లు ఖాళీగా ఉంటే బండి ఇంకొకరికి ఇచ్చేస్తానని ఓనరు కార్తీ అంతకంటే ముందే చెప్పాడు. తొండియార్‌పేటలోని తన ఇంట్లో సంపాదించేది షీబా ఒక్కతే. అందుకే హైవే ఎక్కితే ఎనభైలోనే, మధ్య లేనులోనే పోవాలి, దేవుడే వెనక సీట్లో కూర్చుని చెప్పినా దాటకూడదని ఒట్టు పెట్టుకుంది.

మాధవరం దాటి పెద్ద రోడ్డెక్కాక స్పీడు ముల్లు ఎనభై మీద నిలిపింది. వెనకనుంచి వరదయ్య పోరు మొదలైంది.

"స్పీడుగా పొయ్యేది కుడి పక్క లేనులో గదా, ఆడికి పో!"

"అది ముందర బండిని దాటేదానికి సార్. దాటినాక మళ్లీ ఈ పక్కకి వచ్చేయాల."

"నాకు నేర్పిస్తావా? అందరూ పోతా ఉండారే, వాళ్లకి తెలీదా?"

నిజమే, అందరూ పోతున్నారు. కుడి లేనులో ఒక కంటెయినర్ లారీ తన ఇంటి వరండాలో పచార్లు చేస్తున్నట్టు నలభైలో పోతోంది. దాని వెనక కార్లు హారన్లు మోగించి, మోగించి, ఎడమవైపు నుంచి దూసుకుపోతున్నాయి. ఒక మోటారు సైకిలువాడు ఏకంగా ఎదురుగానే వస్తున్నాడు. రోడ్డు మీద గీసిన తెల్లగీతలు ఈ జనానికి ముగ్గుతో సమానం. షీబా గీతల మధ్యే ఉండిపోయింది.

వరదయ్య ఫోను తీశాడు. కార్తీకి కలిపి, ఆమెకి వినపడాలనే స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా కార్తీ, నీకు మొగ డ్రైవర్లే దొరకలేదా? వంటింట్లో గరిటె తిప్పేదాని చేతికి స్టీరింగు ఇచ్చి పంపించినావే! ఎద్దులబండి మాదిరి పోతా ఉంది."

"ఊరుకోండి," అంది జయంతి. ఆయన ఊరుకోలేదు.

అవతల కార్తీ నవ్వాడు. రెండు నోటీసుల సంగతీ తెలిసినవాడు, మెల్లగా పొమ్మని తనే చెప్పినవాడు, పడీ పడీ నవ్వాడు. "సరి సార్, ఇంక ఆమెని పంపించను. వచ్చేసారి మంచి డ్రైవర్‌ని పంపిస్తా," అన్నాడు.

వరదయ్య మాటలు ఆమె పొద్దుట్నుంచీ భరిస్తూనే ఉంది. ఈ నవ్వు భరించలేకపోయింది.

షీబా కాలు అదిమింది. ముల్లు ఎనభై దాటగానే బండి బీప్ బీప్‌మంది. ముందున్న ఇంకో కంటెయినర్‌ని ఎడమవైపు నుంచి దాటి, దాని మూతి ముందే కుడి లేనులోకి తిప్పింది. నూరు. పాలవ్యానుకీ బస్సుకీ మధ్య దూరింది. నూట పదిహేను. జయంతి పళ్లెంలోని నిమ్మకాయలు కాళ్ల కింద దొర్లాయి. నూటిరవై. బీపు ఆగకుండా ఒకటే మోత.

"ఏయ్! ఏందిది? నిదానం!" వరదయ్య ముందు సీటుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తొక్కమంటిరి గదా సార్. గరిటె ఎట్ల తిరగతా ఉందో చూడండి."

"ఆపు! అమ్మా, ఆపు! నీకు పుణ్యముంటాది!"

ఆమె ఆపలేదు. అతని గొంతు వణుకుతుంటే ఆమెకి హాయిగా ఉంది. తొమ్మిదేళ్లలో ఏ సవారీలోనూ అంత హాయి కలగలేదు. ఐదు నిమిషాలపాటు ఆమెకి ఒట్టూ లేదు, నోటీసులూ లేవు, ఇల్లూ లేదు.

గుమ్మిడిపూండి ఫ్లైఓవర్ దిగగానే ఇద్దరు పోలీసులు రోడ్డుకి అడ్డం వచ్చి చెయ్యి ఊపారు. అప్పటిగ్గానీ ఆమె కాలు బ్రేకు మీదికి రాలేదు.

ఎస్సై స్పీడు గన్ను చూపించాడు. నూట ఇరవై రెండు. లైసెన్సు తీసుకుని నంబరు కొట్టి చూశాడు. "రెండు ముందే ఉన్నాయి," అన్నాడు తమిళంలో. షీబా వెనక సీటు వైపు చెయ్యి చూపించింది.

"పొద్దుట్నుంచీ ఈయనే తొందర చేస్తున్నారు సార్, అడగండి," అంది ఆమె కూడా తమిళంలోనే.

ఎస్సై వెనక కిటికీలోకి వంగాడు. "మీరేనా వేగంగా పొమ్మన్నది?"

వరదయ్య మొహం చెమటతో తడిసిపోయింది. నల్లరంగు పెదవి మీదికి కారింది. అబద్ధమాడతాడనీ, ఆడితే గొంతు పట్టుకుందామనీ షీబా కాచుకుని ఉంది.

"ముందు అన్నాను సార్, కాదనను," అన్నాడు వరదయ్య. "కానీ అప్పుడు ఆమె ఎనభై దాటలేదు. దాటినాక ఆపమని మొత్తుకున్నాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా ఆవిడని అడగండి."

జయంతి తల దించుకుని, అవునన్నట్టు ఊపింది.

ఎస్సై షీబా వైపు తిరిగాడు. "ఆపమన్నారా?"

ఆమెకి ఆ ముసలాణ్ని తిట్టడానికి నూరు మాటలున్నాయి. ఈ ప్రశ్నకి జవాబు ఒకటే ఉంది.

"అన్నారు సార్," అంది.

ఎస్సై లైసెన్సుని జేబులో పెట్టుకుని, దాన్ని తీసుకున్నట్టు రసీదు రాయసాగాడు.