షాలేమ్‌రాజు పడుకున్న పెట్టె

మా బ్యాండు పేరు 'బ్లాక్ టూంబ్'. పినపాక మండలం మొత్తానికి మాదొక్కటే గోథిక్ రాక్ బ్యాండు. ఆ మాటకొస్తే అటు మణుగూరులో గానీ ఇటు భద్రాచలంలో గానీ ఇంకొకటి ఉన్నట్టు మాకు తెలియదు, ఇంకొకటి కావాలని ఎవరూ అడగలేదు కూడా. గోథిక్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకు మా లీడరు షాలేమ్‌రాజు అరగంట చెబుతాడు. నేను రెండు ముక్కల్లో చెబుతాను: నల్లబట్టలు వేసుకుని, కళ్ళకు కాటుక పెట్టుకుని, చావు గురించి నెమ్మదిగా పాడే పాటలు. అది విని మా పిన్ని, "చావు పాటలు మన చర్చి సంఘంల పాడుతనే ఉన్నం గదా, దానికి కాటుకెందుకే?" అంది.

నా పేరు స్తుతి. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను, మిగతా రోజుల్లో అదే కీబోర్డు బ్యాండులో వాయిస్తాను. కీబోర్డు చర్చిది. ఈ సంగతి పాస్టరు గారికి తెలుసు, నా కోసం ప్రార్థన చేస్తున్నారు. డ్రమ్స్ చందర్. వాళ్ళ నాన్న ఓపెన్ కాస్ట్ బొగ్గుగనిలో పనిచేసి రోజూ నల్లగా ఇంటికొచ్చి అరగంట ఒళ్ళు రుద్దుకుంటాడు. కొడుకు కావాలని నల్లగా తయారై బయటికి పోవడం ఏమిటో ఆయనకు ఈ రోజుకీ అర్థం కాలేదు. ఇక గిటారు, గొంతు, బాధ మూడూ షాలేమ్‌రాజువి.

లోకంలో ఏ గోథిక్ కుర్రాడైనా దేవుణ్ణి వరం అడిగితే ఏమడుగుతాడో, అది షాలేమ్‌కి పుట్టుకతోనే దొరికింది. వాళ్ళ నాన్న యేసుదానం మామ శవపెట్టెలు చేస్తాడు. రోడ్డు పక్కనే షాపు, వెనకాల ఇల్లు. కానీ మా వాడు ఇంటర్నెట్‌లో పరిచయమైన వాళ్ళకి "మా డాడీ ఫర్నిచర్ లైన్‌లో ఉన్నారు" అని చెప్పుకుంటాడు. ఇంగ్లండులో ఎవరివో, తనెప్పుడూ చూడని శవపెట్టెల మీద పాటలు రాస్తాడు, ఇంట్లో ఉన్నవాటి మీద మాత్రం చెమట తుడుచుకున్న టవలు ఆరేస్తాడు.

యేసుదానం మామ కొలవకుండా కట్టె కొయ్యడు. పెట్టె అయిపోయాక మూత లోపలి వైపు పెన్సిలుతో మనిషి పేరు, కొలత రాస్తాడు. మూత మూశాక దాన్ని ఎవరు చదువుతారని ఒకసారి అడిగాను. "ఎవరిదో ఆల్లకు తెల్వాలె గదా బిడ్డా" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

తండ్రీకొడుకుల మధ్య మాటల్లేక నాలుగేళ్ళయింది. షాలేమ్ వాళ్ళమ్మ ముత్యాలమ్మ అత్త జ్వరంతో పోయిన రోజు భూస్థాపన మధ్యాహ్నం మూడింటికి అన్నారు. పెట్టె వచ్చేసరికి ఐదయింది. ఊళ్ళో పెట్టెలు చేసే మనిషి భార్య, పెట్టె కోసం రెండు గంటలు ఎదురుచూసింది. పాటల పుస్తకంలో ఉన్న సమాధి పాటలన్నీ చర్చిలో రెండేసిసార్లు పాడాం, వాయించింది నేనే కాబట్టి బాగా గుర్తు. షాలేమ్ ఆగలేక షాపుకి వెళ్ళి చూస్తే, గుమ్మంలో కరకగూడెం నుంచి పెట్టె కోసం వచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు, లోపల వాళ్ళ నాన్న పలక మీద చిత్రిక పడుతున్నాడు. బేరం ముందు, పెళ్ళాం తర్వాత అని వాడికి అర్థమైంది. తర్వాత ఎవరడిగినా యేసుదానం మామ "పని పడ్డది" అనేవాడే తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒకే కూర తింటూ ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకుంటున్నారు. ఏటా ముత్యాలమ్మ అత్త జ్ఞాపకార్థ కూటమికి వాడు రాడు. హైదరాబాదులో ఒక్క అవకాశం దొరికితే ఇల్లు వదిలి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కనని నాతో ఎన్నోసార్లు అన్నాడు. మా బ్యాండు పుట్టింది అందుకే.

మా పాటలు ఎలా పుడతాయో కూడా చెప్పాలి. షాపు వెనక పలకలు పెట్టే గది మా ప్రాక్టీసు గది. గోథిక్ పాటకి వెలుతురు పనికిరాదని షాలేమ్ కిటికీకి ఫ్లెక్సీ కట్టాడు. అది ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, బొమ్మ లోపలి వైపుకొచ్చింది. కాబట్టి మా మృత్యు సాధన అంతా దండం పెడుతూ నవ్వుతున్న ఆయన ఎదుటే జరిగేది. పొగమంచు కోసం సాంబ్రాణి వేసేవాళ్ళం. బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల సాంబ్రాణి, ఒంటి మీద జాకెట్లు, పాటలో మంచు కురుస్తూ ఉండేది. కాటుక గడ్డం దాకా కారితే అది కళ అనుకునేవాళ్ళం.

మా మీద ఎవరి ప్రభావం ఉందని అడిగితే షాలేమ్ రాతి చర్చిలు, వాన, కాకులు అని చెబుతాడు. మాకు వీటిలో కాకులు మాత్రం ఉన్నాయి. మా మొదటి పాట ఒక బురుజులో చనిపోయిన ఎలిజబెత్ అనే అమ్మాయి గురించి. యూత్ మీటింగులో పాడితే, సంఘంలో పోయినవాళ్ళకి స్నానం చేయించి బట్టలు కట్టే పుష్ప పెద్దమ్మ ఏడ్చింది. మేం పొంగిపోయాం. పాటయ్యాక నా చెయ్యి పట్టుకుని, "ఎవరు బిడ్డా గీ ఎలిజబెత్తు? మన ఏడూళ్ళ బయ్యారం ఎలిజబెత్తా? మొన్ననే ఫోన్ల మాట్లాడితి గదా" అంది.

ఇంకో ఇబ్బంది చిత్రిక చప్పుడు. గోడ అవతల యేసుదానం మామ పని మొదలుపెడితే చందర్ చేతులు తెలియకుండానే ఆ లయలోకి జారేవి. షాలేమ్‌కి మండిపోయేది. నాతో కబురు పంపేవాడు, చప్పుడు ఆపమని. నేను వెళ్ళి చెబితే యేసుదానం మామ చిత్రిక పక్కన పెట్టి, "రేపు పొద్దుగాల భూస్థాపన ఉంది బిడ్డా. పోయినాయన ఆగడు గదా" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇలా ఉండగా హైదరాబాదులో ఎవరో గోథిక్ పాటల పోటీ పెట్టారు. సొంత పాట, దానికి వీడియో, ఆదివారంలోగా పంపాలి. ఎంపికైతే అక్కడే ఉండి ఆరు నెలలు వాళ్ళతో పనిచేయొచ్చు. షాలేమ్ ఆ రాత్రే బట్టలు సర్దుకున్నాడు, పాట ఇంకా రాయలేదు. వీడియో ఆలోచన మాత్రం సిద్ధంగా ఉంది. శవపెట్టె ఉంటుంది, మూత తెరుచుకుంటుంది, వాడు లేచి పాడతాడు.

శవపెట్టె కోసం వాడు మణుగూరు వెళ్ళి, పెళ్ళిళ్ళకి డెకరేషన్ చేసే తిరుపతికి థర్మకోల్‌తో ఆర్డరిచ్చాడు. ఇంట్లో ఏడు అసలు పెట్టెలు గోడకి ఆనించి ఉన్నాయి, కొలత వచ్చాక చివర కోసి మూత బిగించడమే తరువాయి. నేనడిగితే "ఆయన చేసింది నాకద్దు" అన్నాడు. తిరుపతి మంచి పనిమంతుడు, అలవాటు చొప్పున అంచులకి మెరుపులు కూడా అంటించాడు. ఆ మెరుపులు కనబడకుండా చందర్ ఇనుప గేట్లకి వేసే నల్ల పెయింటు పట్టించాడు. ఆ పెయింటు థర్మకోల్‌ని తినేస్తుందని మాలో ఎవరికీ తెలియదు. మర్నాటికి శవపెట్టె లోపల మనిషి లేకుండానే కుళ్ళిపోయింది.

అది శుక్రవారం. యేసుదానం మామ భద్రాచలంలో పెట్టె అప్పజెప్పడానికి ట్రాలీ వెనకాల బండి మీద పోయాడు. షాలేమ్ షాపులో అటూ ఇటూ చూసి, మూత ఉన్నది అదొక్కటే కాబట్టి, ఇక గత్యంతరం లేక అటక మీదున్న పెట్టె దించుదామన్నాడు. అది పాతది, టార్పాలిన్ కప్పి తాడు కట్టి ఉంటుంది. నాకు ఇష్టం లేదు. ఒకసారి పొడుగాటి మనిషి ఒకాయన పోతే, వాళ్ళ వాళ్ళు ఆ పెట్టె చూసి సరిగ్గా సరిపోతుందన్నారు. మామ ఇవ్వనని చెప్పి కొత్తది చేసిచ్చాడు. ఆ సంగతి చెప్పినా షాలేమ్ వినలేదు. ముగ్గురం కలిసి దించాం.

ఫోను స్టాండు మీద పెట్టి రికార్డింగు నొక్కాను. మూత తెరవగానే ముఖం కింది నుంచి వెలగాలని షాలేమ్ ఇంకో ఫోను టార్చి వేసుకుని గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. మూత వేశాం. డ్రమ్ము మీద ఎనిమిది దెబ్బలు కొట్టి చందర్ మూత తీశాడు. షాలేమ్ లేవలేదు. నటన బాగుందనుకున్నాం. రెండోసారి మూత వేయబోతే మూత పట్టుకుని ఆపి, దాని లోపలి వైపు చూపించాడు. పెన్సిలు రాత. 'ముత్యాలు, 5-8'. దాని మీద ఒక గీత కొట్టేసి ఉంది. కింద 'ముత్యాలు, 4-11'.

షాలేమ్ పెట్టెలోంచి లేవనంటే లేవనన్నాడు. యేసుదానం మామ బండి దిగి లోపలికొచ్చి, హెల్మెట్ తీసి, కొడుకు పెట్టెలో కూర్చుని ఉండడం చూశాడు.

"గీ పెట్టె అమ్మదా నాయినా?" అన్నాడు షాలేమ్. నాలుగేళ్ళలో తండ్రితో అన్న మొదటి మాట అది.

"అవ్."

"మరి అమ్మను పెట్టింది?"

"అది రెండోది."

మెల్లగా చెప్పాడు. ఆ రోజు పొద్దున మొదలుపెట్టి ఒంటిగంటకల్లా పెట్టె చేసేశాడట. అంతలో తెల్లగుడ్డ కోసం కొలిచిన పుష్ప పెద్దమ్మ ఆ కొలత షాపుకి పంపించింది. తొమ్మిది అంగుళాలు తేడా వచ్చింది. కరకగూడెం మనిషిని వేరే షాపుకి పొమ్మని చెప్పి, మళ్ళీ కట్టె కోశాడు. ఎవరికీ చెప్పొద్దని పెద్దమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

"కొలవలే కొడుకా" అన్నాడు. "ఇరవై ఆరేండ్లు సూసిన మనిషిని కొలుసుడేంది అనుకున్న. నా కండ్లకు ఆమె గంత పొడుగే ఉండె. పుష్పక్క గుడ్డలు గుక్కి పంపుదామన్నది. ఊరందరికి అంగుళం తప్పకుండ జేసి, ముత్యాలుకు గుడ్డలు గుక్కాల్నా?"

"మరి నాకు చెప్పొద్దా?"

"ఏమని జెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. చందర్ అప్పటికే ఏడుస్తున్నాడు. షాలేమ్ సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గురి కాటుకా కారి, మా బ్యాండు పుట్టాక మొదటిసారి చూడ్డానికి నిజంగా గోథిక్‌గా ఉన్నాం. అదంతా ఫోనులో రికార్డయింది. అది పంపితే పోటీలో కచ్చితంగా గెలిచేవాళ్ళం. సాయంత్రం షాలేమ్ ఒక్కసారి కూడా చూడకుండా దాన్ని తుడిచేశాడు.

శనివారం పాట రాశాడు. సాంబ్రాణి వేయలేదు. కిటికీకున్న నాయకుణ్ణి విప్పేసి వెలుతుర్లో కూర్చున్నాడు. పాటలో మంచు లేదు, బురుజు లేదు. 'ఎంత పొడుగమ్మా నువ్వు, నాయిన కండ్లల్ల దర్వాజ తగిలేటంత పొడుగు' అని మొదలవుతుంది. నేను సమాధి పాటలకి వాయించే స్వరాలే వేశాను, అవే సరిపోయాయి. లయ దగ్గర చందర్ తడబడ్డాడు. షాలేమ్ నావైపు తిరిగి, చిత్రిక ఆపొద్దని వాళ్ళ నాన్నకి చెప్పమన్నాడు. నీ నోటితో నువ్వే చెప్పుకో అన్నాను. వెళ్ళి చెప్పాడు. ఆయన ఆపలేదు, చందర్ ఆ చప్పుడు పట్టుకుని వాయించాడు.

షాలేమ్ ఆ పెట్టెలోనే కూర్చుని పాడుతుంటే వీడియో తీసి పంపాం. పది రోజులకి జవాబొచ్చింది. పాటలో గోథిక్ వాతావరణం లేదట. వెనకాల వడ్రంగి శబ్దం కంప్యూటరులో చేసినట్టు తెలిసిపోతోందట. శవపెట్టె మరీ నకిలీగా ఉందట, వచ్చే ఏడాదికి కాస్త మంచిది సమకూర్చుకోమని సలహా ఇచ్చారు. షాలేమ్ సర్దిన బట్టలు సంచిలోంచి తీసి దండెం మీద వేశాడు. యేసుదానం మామకి మాత్రం నకిలీ అన్న మాట దగ్గర పట్టరాని కోపమొచ్చింది. వాళ్ళని ఒకసారి వచ్చి ఆ మూలలు చూసుకోమనాలని రెండు రోజులు నాతో అంటూనే ఉన్నాడు.

ఆ నెలలోనే ముత్యాలమ్మ అత్త జ్ఞాపకార్థ కూటమి వచ్చింది. షాలేమ్ నల్లబట్టల్లోనే వచ్చి ముందు వరసలో కూర్చుని, పాస్టరు గారి వాక్యం అయ్యాక ఆ పాట పాడాడు. ఈసారి ఎవరి గురించో పుష్ప పెద్దమ్మ అడగలేదు.

భోజనాలయ్యాక కుర్చీలు సర్దుతున్నాం. యేసుదానం మామ కొడుకు పక్కకొచ్చాడు.

"షాలేము, ఒక్క మాట అడుగుత. ముప్పై ఏండ్ల సంది జేస్తున్న. లోపల పండినోళ్ళెవ్వరు లేచొచ్చి చెప్పలే. మూత ఏసినంక ఎట్లుంటదిరా?"

చీకటి గురించి మా వాడు మామూలుగా అరగంట చెబుతాడు. ఆ రోజు చేతిలో కుర్చీ పట్టుకునే రెండు ముక్కల్లో చెప్పాడు.

"కట్టె వాసనొస్తది నాయినా, కమ్మగ. చీకటుంటది గానీ, భయమైతే గాదు."

"గాదా?"

"గాదు."

యేసుదానం మామ తలూపి, కొడుకు చేతిలో కుర్చీ తీసుకుని మిగతావాటి మీద పెట్టాడు.