కారెక్కిన డ్రాయింగ్ బల్ల

మామిడి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ముసునూరులో ట్రాలీ ఆటో దొరకడం గగనమే. ఉన్న బండ్లన్నీ కాయలు మోయడంలోనే ఉంటాయి. అందుకే కీర్తిప్రియ తన డ్రాయింగ్ బల్లని కారు మీదే తెచ్చుకోవాలనుకుంది.

ఆమె ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది. పెళ్ళై ఈ ఊరొచ్చి ఏడాదైంది. ఇన్నాళ్ళూ మంచం మీద లాప్‌టాప్, నేల మీద కాగితాలు పరుచుకుని ఎలాగో నెట్టుకొచ్చింది. మైలవరంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన సోమయాజులు గారు తన టేకు బల్లని వాడుకునేవాళ్ళకి ఇచ్చేస్తానన్నారని తెలిసి ఫోన్ చేసింది. "వచ్చి పట్టుకెళ్ళమ్మా" అన్నారాయన.

భర్త సుభాష్‌కి తోటలో తీరిక లేదు. "నాన్నని తీసుకెళ్ళు" అన్నాడు. మామగారు లక్ష్మీనరసింహారావు గారు కోడలు నడిపే కారులో అంతదూరం వెళ్ళడం అదే మొదలు. పోయేటప్పుడు దారంతా తలుపు పైనున్న పట్టీని వదలకుండా కూర్చున్నారు. ఏడాదిగా ఇద్దరి మధ్యా భోంచేశారా, మందులు వేసుకున్నారా అన్నంతవరకే మాటలు. ఆ దారిలోనూ అంతకు మించి సాగలేదు.

బల్లని చూడగానే కీర్తిప్రియకి ప్రాణం లేచొచ్చింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అద్దంలాంటి నునుపు. చిక్కల్లా కాళ్ళతోనే వచ్చింది. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

"బలవంతం చేస్తే కర్ర చీలిపోతుందమ్మా. కాళ్ళతోనే తీసుకెళ్ళండి" అన్నారు సోమయాజులు గారు.

కారు పైన క్యారియర్ మీద రెండు దుప్పట్లు పరిచి, పక్కింటివాళ్ళ సాయంతో బల్లని బోర్లా ఎక్కించారు. నాలుగు కాళ్ళూ పైకి లేచాయి. నరసింహారావు గారు పంచె ఎగ్గట్టి తాడందుకున్నారు. మూసిన తలుపుల కిటికీల్లోంచి తాడు లాగి ముడెయ్యబోతుంటే కీర్తిప్రియ ఉండబట్టలేకపోయింది.

"తలుపులు తెరిచి తాడు లోపల్నించి తీద్దాం మావయ్య గారూ. ఇలా కడితే మనం ఎక్కలేం."

సోమయాజులు గారు పకపకా నవ్వారు. నరసింహారావు గారి మొహం ముడుచుకుపోయింది. తాడు విప్పి, తలుపులు తెరిచి మళ్ళీ కట్టారు. నడిమికి మూడు చుట్లు బిగించారు.

"ముందూ వెనకా కూడా కడదామా అండీ? గాలి కిందకి దూరితే లేస్తుంది" అంది ఆమె నెమ్మదిగా.

"గడ్డి లోడ్లు కట్టిన చేతులమ్మాయ్ ఇవి. ఎక్కు."

మళ్ళీ నోరు విప్పడానికి ఆమెకి మొహమాటం అడ్డొచ్చింది. ఎక్కి స్టీరింగ్ పట్టుకుంది.

మెల్లగానే నడిపింది. మైలవరం దాటిన కాసేపటికి నెత్తి మీద తాడు తుమ్మెదలా జుమ్మనడం మొదలుపెట్టింది. మామగారు వినిపించనట్టే కిటికీలోంచి తోటల్ని చూస్తున్నారు. అంతలో ఎదురుగా కాయల లారీ ఒకటి విసురుగా దూసుకుపోయింది. ఆ గాలికి పైన ఏదో లేచి దబ్బున పడింది.

కీర్తిప్రియ కారు పక్కకి తీసి ఆపేసింది. దిగి చూస్తే బల్ల జానెడు వెనక్కి జరిగి, ఒక మూల గాల్లో వేలాడుతోంది. తాడు ఒక పక్క వదులైపోయింది. మరో లారీ వచ్చుంటే బల్ల రోడ్డు మీదే.

ఆమె మీద ఆమెకే కోపం వచ్చింది. తెలిసీ నోరు మూసుకుంది. మామగారు బల్లకేసి, రోడ్డుకేసి, వెనకాలే వస్తున్న మోటార్ సైకిళ్ళకేసి చూశారు.

"నువ్వు చెప్పింది విన్లేదమ్మా నేను. ఇప్పుడేం చేద్దాం?"

"తాడు కావాలండీ. ఇంకా చాలా."

రోడ్డు పక్కనే కాయలు గ్రేడింగ్ చేసే షెడ్డుంది. ఆయన గబగబా అటు నడిచారు. కాయలు ఏరుతున్న రిబ్కమ్మ అనే ఆవిడ సంగతి విని, ఒక చుట్ట తాడూ రెండు పాత గోతాలూ ఇచ్చింది. బల్లని సరిగ్గా జరపడానికి ఇద్దరు మనుషుల్ని కూడా పంపింది.

ఈసారి ఎక్కడ కట్టాలో కీర్తిప్రియ చెప్పింది, ముడి ఆయన వేశారు. బల్ల ముందు మూలల నుంచి రెండు తాళ్ళు కారు ముందున్న కొక్కేనికి, వెనక కూడా అలాగే. తాడు ఒరుసుకుని బల్ల అంచు చెడకుండా మడిచిన గోతం ముక్కలు పెట్టారు. ఆయన ముడి చూసి ఆమె ఆశ్చర్యపోయింది. లాగినకొద్దీ బిగుసుకుంటోంది, కొస పట్టుకుని విదిలిస్తే ఇట్టే ఊడొస్తోంది.

"ఇది నాకూ నేర్పండి."

"ఇంటికెళ్ళాక" అన్నారాయన. మొహంలో ఇందాకటి ముడి లేదు.

రెండు కిలోమీటర్లకోసారి ఆపి తాళ్ళు చూసుకున్నారు. రెండోసారికి ఆయనే ముందు దిగారు. నూజివీడు దాటి ముసునూరు చేరేసరికి ఎండ వాలింది. ఊరవతల ఇంటికి పోయే దారి తోటల మధ్యనుంచే. కాయల బరువుకి కొమ్మలు తల ఎత్తు దాకా వంగి ఉన్నాయి. బల్ల కాళ్ళు తగిలితే కాయలు రాలతాయి, కాళ్ళూ విరుగుతాయి.

"ఆపు" అన్నారు నరసింహారావు గారు. దిగి, గట్టున పడున్న వాసం ఒకటి తీసుకున్నారు. కారు ముందు నడుస్తూ, అడ్డొచ్చిన కొమ్మనల్లా వాసంతో పైకెత్తి పట్టుకున్నారు. "రా, రా... ఎడమకి కొట్టు... ఆఁ, నిదానం" అంటూ దారి చూపించారు. కీర్తిప్రియ ఆయన చెయ్యి చూసుకుంటూ అడుగులో అడుగేసినట్టు నడిపింది. కోత కూలీలు పని మానేసి చూస్తున్నారు. అరకిలోమీటరు అలాగే నడిచారాయన. ఒక్క కాయా రాల్లేదు.

సుభాష్ తోటలోంచి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి బల్లని దింపి, కిటికీ పక్కన వేయించాడు. అత్తగారు ప్రమీలారాణి ముక్కలు కోసిన మామిడిపళ్ళ పళ్ళెం తెచ్చి దాని మీద పెట్టబోయింది.

"దాని మీద పెట్టమాకు, మరక పడుద్ది" అంటూ నరసింహారావు గారు పళ్ళెం చేతిలోకి తీసుకుని, ముందు కోడలికి చాపారు.