లిఫ్టులో మన మాట

వాగుడుకాయ అని ఇంటిల్లిపాదీ విసుక్కున్న పిల్లకు పెద్దయ్యాక మాట్లాడటమే ఉద్యోగమవుతుందని ఎవరనుకున్నారు? ఆ ఉద్యోగం కూడా మామూలుది కాదు. ఆమె పుట్టి పెరిగిన పరాయి దేశపు నగరంలో ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని ఎర్ర మీట నొక్కితే, ఆ గంట సముద్రం దాటి వచ్చి ఇక్కడ ఆమె ఇంటి వెనక గదిలో మోగుతుంది. మెకానిక్కు వచ్చి తలుపు తీసేదాకా లోపలున్నవాళ్ళకు ధైర్యం చెబుతూ కూర్చోవడమే ఆమె పని.

ఆ గదిలో ఒకప్పుడు పరుపులూ దుప్పట్లూ దాచేవాళ్ళు. ఇప్పుడొక బల్ల, కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోను. గంట మోగగానే తెర మీద మేడ పేరూ వీధి పేరూ వస్తాయి. మనిషి కనపడడు, గొంతు ఒక్కటే వినపడుతుంది. ఒకసారి విడాకుల కోసం వకీలు దగ్గరికి బయల్దేరిన మొగుడూ పెళ్ళాలు మధ్య అంతస్తులో ఇరుక్కున్నారు. తప్పెవరిదో నువ్వే చెప్పమని ఆమె ప్రాణం తీశారు. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, కోడలు మధ్యమధ్య చెప్పే సంగతుల కోసం అత్తగారు గుమ్మం దగ్గర చెవులు రిక్కించి నిలబడింది.

"ఏమయిందే? కలిసిపోయారా?"

"తలుపు తెరుచుకుంది అత్తయ్యా. లైను కట్టయిపోయింది."

"అయ్యో, అసలు సంగతి తేలకుండానే!" ఆ పూటంతా ఆవిడకు అన్నం సయించలేదు.

ఆమె తండ్రి ఆ నగరంలో బొత్తాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆయన రిటైరయ్యాక అందరూ ఇక్కడికొచ్చేశారు. ఆమెకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆ నగరపు భాష మాత్రం మాట్లాడే తోడు లేక నోట్లోనే తుప్పు పట్టింది. చాలా ఏళ్ళకు, చిన్నప్పుడు కలిసి చదువుకున్న స్నేహితురాలు ఒకతె ఈ ఉద్యోగం సంగతి చెప్పింది. మొదటిరోజు "భయపడకండి, నేనున్నాను" అని ఆ భాషలో అన్నప్పుడు, తన గొంతు తనకే బడికెళ్ళే పిల్ల గొంతులా వినిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి తెర మీద వీధి పేరు పడితే చాలు, మనసు ఆ వీధిలో ఓ చుట్టు తిరిగొచ్చేది. ఇక్కడ చెప్పులు కుట్టించుకున్నాం, ఇక్కడ వర్షంలో చిక్కుకుపోయాం, ఇక్కడ నాన్న చెయ్యి వదిలేసి తప్పిపోయాను. ఎదుటివాళ్ళు ఇరుక్కోవాలని కోరుకోవడం పాపమని తెలుసు. అయినా ఒక్కసారి మా మేడ పేరు రాకూడదా అని లోలోపల ఆశ.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే పేరు వచ్చింది.

ఆమె తమాయించుకుని, ఆ దేశపు భాషలో అడగాల్సిన మాటలన్నీ అడిగింది. అటునుంచి ఎవరో ముసలాయన పొడిపొడిగా జవాబు చెప్పాడు. తరవాత ఎవరూ వినడంలేదనుకుని తనలో తను గొణుక్కున్నాడు. "ఓరి నాయనోయ్, మోకాళ్ళు లాగేస్తున్నాయిరా దేవుడా!"

అది మన మాట. అచ్చంగా మన మాట.

"అయితే కింద కూర్చోండి. గోడకి జారబడండి, ఏం కాదు" అంది ఆమె, అదే భాషలోకి మారిపోయి.

"ఎవరమ్మా నువ్వు? లిఫ్టులో మన మాట మాట్లాడుతున్నావు?"

ఆ 'అమ్మా' దగ్గర సాగదీత విని ఆమె పోల్చుకుంది. మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చునే టైలరు. మేడలో ఉన్న నాలుగైదు మనవాళ్ళ కుటుంబాల్లో పిల్లలందరికీ ఆయన మామయ్యే. బడి గౌను కుడితే, పొడుగవుతుంది కదా అని కింద మడతలు వదిలిపెట్టేవాడు. తండ్రి డ్యూటీనుంచి వచ్చేదాకా ఆమె ఆ గుడ్డపేలికల కుప్ప మీదే కూర్చుని లోకంలోని కబుర్లన్నీ చెప్పేది.

"మామయ్యా, నేను! నాలుగో అంతస్తు. బొత్తాల ఫ్యాక్టరీ ఆయన కూతుర్ని."

"ఎవరూ... వాగుడుకాయవా?"

"వాగుడుకాయనే!"

"ఓసి నీ దుంపతెగ! నువ్వు ఈ లిఫ్టులోకి ఎలా దూరావే?"

ఆమె పకపకా నవ్వింది. ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో చెబితే ఆయన ఒక పట్టాన నమ్మలేదు. తన భార్య పోయి చాలాకాలమైందనీ, చూపు ఆనక మిషను అమ్మేశాననీ, పైన కూతురి దగ్గర ఉంటున్నాననీ చెప్పాడు. మందులకని దిగుతుంటే ఇదిగో, ఇలా ఆగిపోయింది.

"మెట్ల దగ్గర కిటికీలోంచి రైళ్ళు కనపడేవి కదా మామయ్యా, ఇంకా కనపడుతున్నాయా?"

"ఎక్కడ? అడ్డంగా ఇంకో మేడ లేచింది. రైలు కనపడదు గానీ అది వెళ్తుంటే ఇంట్లో గిన్నెలు మాత్రం అలాగే మోగుతాయి. ఉండు, ఉండు... విను."

ఆయన మాట ఆపాడు. హెడ్‌ఫోనులో సన్నటి గిరగిర మొదలై, లిఫ్టు రేకులు వణికి, మెల్లగా ఆగిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. వంటింటి అరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, తాగుతున్న టీ పక్కనపెట్టి అరకు అరచెయ్యి ఆనించి నిలబడిన తండ్రి కనిపించాడు.

అంతలో మెకానిక్కు వచ్చాడు. తలుపు తెరుచుకుంది, లైను తెగిపోయింది.

ఫోను నంబరైనా అడగలేదు. లిఫ్టులోవాళ్ళకు తనంతట తను ఫోను చెయ్యడానికి కంపెనీ ఒప్పుకోదు. తనను తనే తిట్టుకుంటూ ఆ సాయంత్రం గడిపింది.

మర్నాడు మళ్ళీ అదే మేడ గంట. కంగారుగా అందుకుంది.

"ఇరుక్కుపోయారా మామయ్యా?"

"లేదమ్మా, తలుపు తెరిచే ఉంది. భోజనం చేశావా?"

ఆ తర్వాత రోజూ ఇదే వరస. పిల్లలెందరు, మీ ఆయన ఏం చేస్తాడు, మీ అత్తగారు మంచిదేనా? ఆమెకూ బాగానే ఉండేది, కాదనలేకపోయింది. చివరికి ఆ దేశంనుంచి సూపర్వైజరు ఫోను చేశాడు.

"ఆ మేడలో మీట పాడైనట్టుంది. మార్చమని మెకానిక్కుని పంపనా?"

"మీట బాగానే ఉంది సార్" అంటూ ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఉద్యోగం ఊడుతుందనే అనుకుంది.

"ఆ రికార్డింగులు విన్నాను" అన్నాడాయన. "ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఇన్నేళ్ళలో మీరు నవ్వగా వినడం ఇదే మొదటిసారి." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఆ సమయంలో నిజంగా ఇరుక్కున్నవాళ్ళు ఉండొచ్చు. ఆ మీట జోలికి రావద్దని ఆయనకు చెప్పండి. మీ భాషలో ఇంకేం చెప్పుకుంటారో నాకెలాగూ తెలీదు."

మర్నాడు గంట మోగగానే ఆమె ముందు కోప్పడింది, తరవాత తన నంబరు చెప్పింది.

"రాసుకోడానికి ఏముంది మామయ్యా మీ దగ్గర?"

"జేబులో సుద్దముక్కుంది. అలవాటు పోలేదే" అని ఆయన అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ లిఫ్టు గోడ మీదే రాసేశాడు.

"గోడ మీదా?" సంగతి విని అత్తగారు నోరు నొక్కుకుంది. "ఇంక ఊరంతా నీకే చేస్తుంది చూడు!"

ఊరంతా చెయ్యలేదు గానీ ఆదివారం పొద్దున టైలరు మామయ్య చేశాడు. తీరిగ్గా, కూతురి ఫోనులోంచి, నవ్వు ఆగి దగ్గు వచ్చేదాకా మాట్లాడాడు. ఆ వారంలోనే ఇంకొకరు కూడా చేశారు. ఎవరో చిన్న వయసు ఇల్లాలు, ఆ దేశపు భాషలోనే మొహమాటంగా అడిగింది.

"నాలుగో అంతస్తులో మా ఇంట్లోనే మీరు పెరిగారట కదా. టైలరు తాత చెప్పారు. ఏమీ అనుకోకండి, మా వంటింటి కిటికీ ఎంత తోసినా రావడంలేదు. మీకేమైనా తెలుసా?"

ఆమె లేచి నిలబడింది. చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.

"ముందు కొంచెం పైకెత్తాలి. ఎత్తి, ఎడమపక్క కింద అరచేత్తో ఒక్కటివ్వండి. గట్టిగా. మొహమాటపడకండి."

అటువైపు దబ్బుమని చప్పుడయింది. రెండోసారి దెబ్బకు చెక్క కిర్రుమంది. కిటికీ బార్లా తెరుచుకుని గాలి, కింద అంగళ్ళవాళ్ళ కేకలు, ఆడుకునే పిల్లల గోల ఒక్కసారిగా ఫోనులోకి వచ్చిపడ్డాయి.

"వచ్చేసింది! వచ్చేసిందండీ!" అంటోంది ఆ అమ్మాయి. "ఉంటానండీ మరి?"

"ఒక్క నిమిషం" అంది ఆమె. "ఫోను ఆ కిటికీ దగ్గర పెడతారా?"