ఫుజైరా కొండల స్వెటర్

మాణిక్యాంబకి ఉన్ని అంటే ప్రాణం, మనుషులంటే అంత కాదు. భర్త సుబ్బరాజు నార్వే ఓడల్లో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో అక్కడే కాపురం చేసి, ముసలమ్మల దగ్గర స్వెటర్లు అల్లడం నేర్చుకుంది. ఆయన ఉద్యోగం ఫుజైరా రేవుకి మారినా ఆవిడ మంచుపువ్వులూ దుప్పులూ అల్లడం మానలేదు. ఈ ఎండల్లో స్వెటరెవరికని అందరూ నవ్వారు. 2005లో దుబాయ్‌లో ఒక మాల్ లోపల జనం జారి ఆడుకునే మంచుకొండ కట్టేసరికి ఆ నవ్విన నోళ్ళు మూతపడ్డాయి.

అల్లేది మాత్రం సైదున్నీసా. ప్రొద్దుటూరు నుంచి ఇంటిపని వీసా మీద వచ్చిన పిల్ల. గిన్నెలు తోమిన చేతుల్తోనే సూదులు పట్టి, చూస్తుండగానే అమ్మగారిని మించిపోయింది. మెడ దగ్గర కుట్టే పేరు మటుకు మాణిక్యాంబది. లోకం తీరే అంత, కొత్తేముంది?

నార్వే వాళ్ళ పద్ధతి ఒకటుంది. స్వెటర్ని గొట్టంలా అల్లేసి, ఆఖర్న ముందువైపు నిలువునా కత్తెరతో కోసి గుండీల పట్టీ వేస్తారు. మొదటిసారి చూసి సైదున్నీసా కళ్ళు మూసుకుంది. తర్వాత తనే జంకు లేకుండా కోసేది. ఆ ఉన్ని గరుకు, పోగుని పోగు పట్టుకుని వదలదు. ఎందుకు విడిపోదో మాణిక్యాంబ ఏనాడూ చెప్పలేదు, ఆ పిల్లకి అడగాలని తోచలేదు.

మంచుకొండ పక్క దుకాణంలో ఆ స్వెటర్లు అమ్మే డెన్మార్క్ ఆవిడకి అసలు పనితనం ఎవరిదో ఎలాగో తెలిసింది. సొంతంగా ఒకటి అల్లి తన ముందే కోసి చూపిస్తే ఉద్యోగం ఇస్తాననీ, వీసా కూడా తనే మార్పిస్తాననీ కబురుపెట్టింది. వీసా తన పేరు మీదే ఉన్నా, పిల్లని వదిలేయడానికి సుబ్బరాజు ఒప్పుకున్నాడు. మాణిక్యాంబ నవ్వుతూ సరే అంది. ఆ సాయంత్రమే ఉన్ని బీరువాకి తాళం పడింది.

సైదున్నీసా బజారుకెళ్ళి మెత్తటి నూలు తెచ్చుకుంది. ఈ ఊళ్ళో ఒంటికి హాయిగా ఉంటుందనుకుంది, పాపం. దుప్పులు తనకేం తెలుసు? కిటికీలోంచి రోజూ కనబడే ఫుజైరా బోడికొండలు అల్లింది, వాగుల్లో పూసే గన్నేరు అల్లింది, రేవు మీది కొంగలు అల్లింది. అంత అందమైన స్వెటర్ ఆ ఇంట్లో అంతకుముందు పుట్టలేదు.

తీసుకెళ్ళి అమ్మగారికి చూపించి, ఏమన్నా లోపముందా అనడిగింది. మాణిక్యాంబ నూలుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పట్టు లేని నూలు, పక్కన కుట్టు వేయకుండా కత్తెర పెడితే నిలవదు. ఒక్క చూపులో తెలిసిపోయింది. అచ్చం నార్వే పనిలా ఉందని మెచ్చుకుంది. కొత్త కత్తెర కూడా తనే ఇచ్చి, దుకాణానికి తోడు వెళ్ళింది.

దుకాణంలో డెన్మార్క్ ఆవిడ కొండల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఆ మురిపెంతో సైదున్నీసా కింద నుంచి మెడ దాకా ధీమాగా కోసేసింది. కోసిన చోట వరసలన్నీ నోళ్ళు తెరిచాయి. భయపడి దగ్గరికి లాగింది, లాగినకొద్దీ ఊడొచ్చాయి. కొంగలు పోయాయి, గన్నేరు పోయింది. డెన్మార్క్ ఆవిడ మొహం తిప్పుకుంది. మాణిక్యాంబ అయ్యో అంటూ నేల మీది పోగులన్నీ ఏరి సంచిలో వేసింది.

తిరిగొచ్చే దారిలో కారు కొండల్లోకి వచ్చాక సైదున్నీసా అడిగింది.

"మీకు ముందే తెలుసు కదమ్మా?"

"తెలుసు."

"ఒక్క మాట చెప్పింటే ఏం పోయేదమ్మా?"

"నువ్వు పోయేదానివి. నీలాంటి చెయ్యి నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుద్దే?" అంది మాణిక్యాంబ, అదేదో గారాబం చేస్తున్నట్టు.

ఆ పిల్ల ఏడ్చింది. మాణిక్యాంబ ఏడవనిచ్చింది. ఫుజైరా దీపాలు కనబడ్డాక, ఆ కొండల డిజైన్ డెన్మార్క్ ఆవిడకి తెగ నచ్చిందనీ, చలికాలానికి దుకాణం నిండా అవే కావాలని తనకి ఆర్డరిచ్చిందనీ చెప్పింది.

"రేపు పొద్దున్నే మొదలెట్టు," అంది. "కొండలు నీకు నోటికొచ్చుగా."