చల్లని వేసవిలో ఒక కొట్టివేత

నడివేసవిలో జనం దుప్పట్లు బయటికి తీసిన నెల అది. ఒక పూట ఎండ, మరో పూట ఉరుములు, రోజు విడిచి రోజు వాన. వాతావరణ కార్యాలయానికి ఫోన్ల మీద ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది వేసవేనా అండీ?"

ఆ ఫోన్లన్నీ ఎత్తేది మబ్బులక్క. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ పరిశీలకురాలు. ఆకాశం వంక చూస్తూ నడిచి రెండుసార్లు మెట్ల మీద బోర్లా పడినప్పటి నుంచి ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

నెలాఖరున, కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె కొడుకు వయసువాడు.

"అక్కా, ఈ నెల ఎందుకింత చల్లబడిందో పత్రికలకు నోట్ ఇవ్వాలి. మీరే రాయండి. మన రికార్డుల్లో ఇదే అన్నిటికన్నా చల్లని వేసవి నెల అని కూడా పెట్టండి. కంప్యూటర్లో చూశాను."

"ఇది కాదు సార్. నేను ఉద్యోగంలో చేరిన నెల ఇంతకన్నా చల్లన."

"మరి కంప్యూటర్లో లేదే!"

"ఒకసారి చూపించండి."

తెర మీద ఆ నెలకు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ఒక రోజు అంకెలో కొట్టివేత, అనుమానాస్పదం, సగటు కట్టలేదు.

ఆ ఒక్క రోజు ఏదో మబ్బులక్కకు చూడకుండానే తెలుసు. తాళంచెవి తీసుకుని పాత రిజిస్టర్ల గదిలోకి వెళ్లింది. బూజు దులిపి, అట్ట ఊడిన పుస్తకం ఒకటి లాగి, కిటికీ గట్టు మీద తెరిచింది. పంతొమ్మిదో తేదీ. గుండ్రటి తన చేతిరాతే. 34.8 అని రాసి, అడ్డంగా ఒక గీత. దాని పైన 24.8.

ఉద్యోగంలో చేరిన ఆరో రోజు అది. పొద్దుటి నుంచి ముసురు. సాయంత్రం ఆవరణలో థర్మామీటరు ఉంచే తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత చూస్తే ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది. నడివేసవిలో! తప్పు చదివానేమో, నవ్వుతారేమో, ఉద్యోగం ఊడుతుందేమో అని భయం పట్టుకుంది. లోపలికొచ్చి రెండుకు బదులు మూడు రాసేసింది.

ఆమెకు పని నేర్పే పెద్ద పరిశీలకుణ్ణి అందరూ మాస్టారనేవారు. ఆయన రిజిస్టర్ చూశారు, ఆమెను చూశారు.

"అమ్మాయ్, నీకు చెమట పడుతోందా?"

"లేదండీ. చలేస్తోంది."

"మరి ముప్పై నాలుగు ఎక్కణ్ణించి తెచ్చావ్?"

ఆమె కళ్లనీళ్ల పర్యంతమైంది. ఆయన గొడుగు తీసి పదమన్నారు. పెట్టె దగ్గర గొడుగును థర్మామీటరు తడవకుండా పట్టుకున్నారే గానీ, తన చొక్కా సంగతి చూసుకోలేదు. వంగి చదివి తలాడించారు.

"ఆకాశం మనల్ని అడిగి వేడెక్కదమ్మాయ్. వింతగా ఉందని మనం అంకె మార్చేస్తే, రేపు ఆ వింత జరిగినట్టు ఎవరికీ తెలీదు."

తిరిగొచ్చి ఆమె చేతే అంకె కొట్టించి దిద్దించాక, రెండు టీలు తెప్పించి, బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి బొమ్మ గీశారు. పైన పడమటి నుంచి వచ్చిన అల్పపీడన ద్రోణి, ముందుకు కదలక అడ్డంగా బైఠాయించింది. కింద సముద్రం మీది తడిగాలి. రెండూ కలిస్తే మధ్యాహ్నానికల్లా మబ్బు. "ఇక నేల తడిసిందా, మర్నాడు పడే ఎండ ఆ తడి ఆరబెట్టడానికే సరిపోతుంది. గాలిని వేడిచేయడానికి ఏం మిగులుతుంది చెప్పు?" ఆ టీ బొమ్మ ఆరిపోయేదాకా ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు రిజిస్టర్ చివరి గడిలో, ఇన్నేళ్లలో తానెప్పుడూ చూడని రెండు పంక్తులు కనిపించాయి. మాస్టారి చీమల బారు రాత. "ఈ అంకె నేనూ చూశాను. 24.8 సరైనదే. అమ్మాయి కొత్త, చూపు మాత్రం నిఖార్సు."

పుస్తకం అలాగే తెరిచి పట్టుకుని అధికారి దగ్గరికి తీసుకెళ్లింది.

అధికారి ఆ పంక్తులు రెండుసార్లు చదివాడు. కాయితం మీద సగటు కట్టారు. ఆనాటి నెల ఈ నెలకన్నా పాయింట్ మూడు డిగ్రీలు తక్కువ.

"రెండో స్థానమంటే పత్రికలవాళ్లు లోపలి పేజీలో పడేస్తారక్కా," అన్నాడు కాస్త దిగాలుగా.

"పడేయనీండి సార్. లోపలి పేజీ చదివేవాళ్లూ ఉంటారు."

అతను నవ్వి, ఆ అంకెను తిరిగి చేర్చమని పై కార్యాలయానికి ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. మబ్బులక్క నోట్ పూర్తిచేసి మాస్టారింటికి ఫోన్ చేసింది. కూతురు ఎత్తి ఆయనకిచ్చింది. ఎనభై ఎనిమిదేళ్లు, కాస్త చెవుడు.

"మాస్టారూ, నేను! ముప్పై నాలుగు రాసిన అమ్మాయిని!"

అవతల పెద్ద నవ్వు. "పాయింట్ ఎనిమిది! ఎలా ఉన్నావ్ తల్లీ? ఏమిటీ చలి? మళ్లీ ద్రోణేనా?"

"అదే మాస్టారూ. వచ్చి కూర్చుంది, కదలదు. కాకపోతే ఈసారి రాత్రులు అప్పటంత చల్లగా లేవు. తెల్లవార్లూ మబ్బు మూతేసినట్టుంటోంది."

"అనుకున్నా. నాకు చూపు ఆనడం లేదమ్మాయ్. మా వాళ్లనడిగితే మబ్బుగా ఉంది నాన్నా అంటారు, అంతే. నువ్వు సరిగ్గా చూసి చెప్పు."

మబ్బులక్క ఫోను తీగ సాగినంత దూరం కిటికీ దగ్గరికి జరిగింది.

"తూర్పున గోపురంలా ఒకటి లేస్తోంది మాస్టారూ. అడుగు నల్లగా, చదునుగా ఉంది. పైన ఇంకా తెల్లగా పొంగుతోంది."

"ఊఁ... అంచులు?"

"అంచులు చెదురుతున్నాయి. ఉండండి, ఇంకా చెప్తాను," అంటూ ఆమె కిటికీ రెక్క బార్లా తెరిచింది.