నిదానం అమ్మాయి

చార్జర్ ఎవరు పీకారన్న దాని మీద ఆ ఉదయం ఇంట్లో రభస మొదలైంది.

"నా టాబ్ తీసేసి మీ ఫోన్ పెట్టుకున్నారా?" అందామె, నల్లబడిన తెరలో తన ముఖమే తనకు కనిపిస్తుంటే.

"ఓ పావుగంట పెట్టానోయ్. నాకు ఆఫీసు ఫోన్లొస్తాయి. నీ బొమ్మలకేం తొందర?" అన్నాడు భర్త.

"రెండు ముఖాలు వేశాను. సేవ్ అవకుండానే ఆగిపోయింది."

"మళ్ళీ వేస్తే సరి. నీకు వచ్చిన పనేగా!"

"తెల్లారిందో లేదో ప్లగ్గు కోసం పోట్లాట. వాడిది ఉద్యోగం, నీది కాలక్షేపం. ఆ మాత్రం తేడా తెలీదటమ్మా?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే. పేపరు చాటు నుంచి మామగారు, "ఇంకో చార్జర్ కొంటే పోయేదానికి..." అన్నారు. ఎవరు కొనాలో మాత్రం చెప్పలేదు.

నిజానికి అది కాలక్షేపంగానే మొదలైంది. సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మామగారి బొమ్మ వేసి, కింద 'ఆలోచిస్తున్నాను' అని రాసి, ఫోనులో అందరూ ఒకరికొకరు పంపుకునే స్టిక్కర్‌గా చేసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది. ఊళ్ళో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ పడీ పడీ నవ్వారు. మామగారు కూడా నవ్వి, ఆ రోజు నుంచి ప్రతిదానికీ అదే పంపడం మొదలుపెట్టారు. తర్వాత ఆడపడుచు తన అత్తగారిది వేయించుకుంది, నడుం మీద చేత్తో సహా. ఆవిడ స్నేహితులు, వాళ్ళ స్నేహితులు అడిగారు. అప్పుడు భర్తే పూనుకుని ఆ బొమ్మలకి ఒక పేజీ తెరిచాడు, తన నంబరు మీద. "ఈ తలనొప్పంతా నీకెందుకు? మాటలు నేను చూసుకుంటా, బొమ్మలు నువ్వు చూసుకో" అన్నాడు. ఆ రోజు అది ప్రేమగానే వినిపించింది. ఆ తర్వాతే తెలిసింది, తన పేజీ తను తెరవాలన్నా కోడ్ అతని ఫోనుకే వస్తుందని. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి, "ఏవండీ, ఆ అంకెలు కాస్త చెప్తారా?" అని అడగాలి. అతను ఫోన్లో ఉంటే అయ్యేదాకా నిలబడాలి. తీరిగ్గా ఉంటే, "ముందు టీ ఇవ్వు, చెప్తా" అని నవ్వుతాడు. తనూ నవ్వేది. నవ్వకపోతే టీ ఇచ్చాక కూడా చెప్పడానికి ఆలస్యం చేస్తాడు మరి.

పని మాత్రం ఆమెకి ప్రాణం. పొయ్యి మీద ఒకటి ఉడుకుతుంటే ఇక్కడ ఎవరిదో కనుబొమ్మ వంచేది. నవ్వు పెదాల్లో ఉండదనీ కళ్ళ కింద ఉంటుందనీ కనిపెట్టింది. ఇంట్లో అందరి ముఖాలూ వేసింది, తనది తప్ప. ఎవరూ అడగలేదు, తనకీ తోచలేదు.

కిందటి నెల ఒక బేకరీ ఆవిడ కోసం వేసిన బొమ్మ ఆమెని ఇంకా వదల్లేదు. పోయిన తల్లి ముఖం కేకుల అట్టపెట్టెల మీదికి కావాలని ఆవిడ రంగు వెలిసిన ఫొటో ఒకటి పంపింది. వేసి, చెరిపి, మళ్ళీ వేసి, ఆ నవ్వు పట్టుకునేసరికి వీపు పట్టేసింది. "ఆవిడేమన్నా అన్నారా?" అని భర్తని రెండు మూడుసార్లు అడిగింది. "ఆఁ, ఓకే అన్నారు" అన్నాడు. ఓకే ఏమిటి? బాగుందనా, సరిపెట్టుకుంటాననా? ఇల్లు తుడుస్తున్నా బట్టలు ఆరేస్తున్నా ఆ ఓకే చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

చార్జర్ గొడవ అయ్యాక భర్త స్నానానికి వెళ్ళాడు. కోడ్ అడిగితే లోపల్నుంచే, "ఒళ్ళంతా సబ్బు, నువ్వే చూసుకో!" అని అరిచాడు. అతని ఫోను తీసింది. అంకెల కింద బేకరీ ఆవిడ మెసేజీలు కనిపిస్తే తెరిచింది.

'అమ్మ బొమ్మ చూసి షాపులోనే కూర్చుని ఏడ్చేశానండీ. ఆ కళ్ళ కింద ముడతలు నాకు తప్ప ఎవరికీ గుర్తుండవనుకున్నాను. వేసినవాళ్ళకి నా మాటగా చెప్పండి.'

కింద భర్త జవాబు: 'థాంక్స్ మేడమ్. ఐడియా అంతా నాదే. మా దగ్గర పనిచేసే అమ్మాయి గీస్తుంది. కాస్త నిదానం. వెనక నిలబడి చేయించుకోవాలి.'

'ఆ అమ్మాయిని ఒకసారి పంపిస్తారా? షాపు గోడ నిండా బొమ్మలు వేయించాలనుంది.'

'తను బయటికి రాదు మేడమ్. మాట్లాడటం కూడా సరిగ్గా రాదు.'

ఎవరో పాపం, అనుకుంది. ఆ అమ్మాయి మీద ఒక్క క్షణం నిజంగానే జాలేసింది. ఆ తర్వాత మళ్ళీ మొదట్నుంచీ చదివింది. ఆ అమ్మాయి తనే.

అతను ఆఫీసుకి వెళ్ళాక ఏ పనీ కుదురుగా చెయ్యలేకపోయింది. తోమిన గిన్నే మళ్ళీ తోమింది. గదిలోంచి వంటింట్లోకి వచ్చి, ఎందుకొచ్చిందో మర్చిపోయి తిరిగి వెళ్ళింది. చివరికి, పెట్టె బొమ్మ కింద తనే రాసిన బేకరీ చిరునామా చూసుకుని చెప్పులేసుకుంది. "ఎక్కడికమ్మా ఈ వేళప్పుడు?" అన్నారు అత్తగారు. "పనుందత్తయ్యా." ఏం పనో చెప్పకుండా ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

బేకరీ గాజు తలుపు వెనక అట్టపెట్టెలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా ఆ తల్లి నవ్వుతోంది.

"ఏం కావాలమ్మా?" అంది పిండి చేతులతో ఉన్న ఆవిడ.

"నేనేనండీ, ఆ నిదానం అమ్మాయిని."

ఆవిడ పెట్టెల వైపు చూసి, ఈమె వైపు చూసి, "మాట్లాడటం రాదన్నారే!" అంది. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. తర్వాత ఆవిడ కళ్ళొత్తుకుని, బొమ్మ చూసిన రోజు గురించి మొదట్నుంచీ చెప్పింది. నెల్లాళ్ళుగా తనకి చేరని మాటలన్నీ ఈమె అక్కడే స్టూలు మీద కూర్చుని వింది. లేచేముందు తన ఫోనులో, తన నంబరు మీద కొత్త పేజీ తెరిచింది. కోడ్ తన అరచేతిలోకే వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, మొదటిసారి తనూ వాళ్ళతో పాటే కంచం పెట్టుకుని కూర్చుంది. అత్తగారు వింతగా చూశారు.

"ఏవండీ, మీ దగ్గర పనిచేసే నిదానం అమ్మాయి ఇవాళ్టితో మానేసింది."

భర్త చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పనమ్మాయా? మనింట్లో ఎప్పుడుందిరా?" అన్నారు అత్తగారు.

"అబ్బే, అదేం లేదమ్మా... వ్యాపారంలో అలా చెప్పాలి. ఇంట్లో ఆవిడ వేస్తుందంటే లోకువ, స్టాఫ్ ఉన్నారంటే మర్యాద" అని ఇటు తిరిగాడు. "దానికింత రాద్ధాంతమా? నీ కోసమేగా చేసింది!"

"నా కోసం వచ్చిన మాట ఒక్కటుంది. అదెందుకు చెప్పలేదండీ?"

అతను నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. మామగారు ఈసారి పేపరు లేకపోవడంతో కంచంలోకి చూశారు.

"కొత్త పేజీ నా నంబరు మీద తెరిచాను. రేపట్నుంచి పగలు బేకరీ గోడ దగ్గరుంటాను. మధ్యాహ్నం మీ ముగ్గురి భోజనం సంగతి మీరే చూసుకోవాలి. మీ పాత పేజీ మీరు ఉంచుకోండి, ఐడియాలన్నీ మీవేగా" అంది, గొంతు పెంచకుండా.

"మరి బొమ్మలెవరు వేస్తారు?" అన్నాడతను.

ఆమె నెమ్మదిగా ముద్ద కలుపుకుంది.

"ఎవర్నైనా పెట్టుకోండి. వాళ్ళ చార్జర్ మాత్రం పీకకండి."