పేరు చెప్పని సహోదరుడు

ప్రమోద్ చేసిన పనిని పోశం చచ్చేదాకా మరిచిపోడు. పేరు బయటపెట్టనని మాటిచ్చాడు ప్రమోద్. నిజమే, పెట్టలేదు. పోశం కడుపుమంట అదే.

చంద్రపూర్ దగ్గరి దుర్గాపూర్ గని కాలనీలోని తెలుగు ప్రార్థన సహవాసంలో మగవాళ్లు ఐదుగురు ఆదివారం సాయంత్రాలు ప్రమోద్ ఇంటి డాబా మీద కూడతారు. ప్రమోద్ నాగపూర్‌లో శిక్షణ పొందివచ్చి వాళ్లను నడిపిస్తున్నాడు. అంతవరకూ వాళ్ల విన్నపాలు మోకాళ్ల నొప్పులు, షుగరు, ట్రాన్స్‌ఫర్లు. ఆ వారం ప్రమోద్ కొత్త సంగతి ఎత్తాడు.

"ఇయ్యాల కండ్ల పాపం గురించి మాట్లాడుకుందాం. దాచుకోకుండ్రి. ఇక్కడి మాట ఇక్కడ్నే."

అందరూ చాప అంచులు పీకుతూ కూర్చున్నారు. చివరికి సతీష్ గొంతు సవరించుకున్నాడు. "ఒక సహోదరుడున్నడు. ఫోన్‌ల ఖరాబు వీడియోలు చూస్తుండు. ఆయన కోసం ప్రార్థన చేయుండ్రి."

మారుతికి తెలిసిన సహోదరుడికీ అదే రోగమట. అంజన్నకు తెలిసినవాడికీ అదే. పోశం ఉండబట్టలేకపోయాడు.

"గా సహోదరుడు ఏడుంటడే? ఆయన్నే తోల్కరాకపోయిండ్రు, చాయ్ తాగి పోతుండె."

డాబా అంతా నవ్వింది. "అయితే నీ సంగతి చెప్పు పోశన్నా," అన్నాడు ప్రమోద్.

పోశం నవ్వు ఆగిపోయింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, చుట్టుతిప్పి చెప్పడం రాదు. "నేనే," అన్నాడు. "రుక్కమ్మ పండుకున్నంక చూస్త. తెల్లారి దాని మొకం చూడబుద్ధి గాదు. ఏండ్ల సంది గిట్లనే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సతీష్, "నేను గూడ," అన్నాడు. తర్వాత మారుతి. ఆ వెనకే అంజన్న. పోశం గుండె మీది బండ దిగింది. శుక్రవారం మళ్లీ ఎక్కింది.

మగవాళ్ల విన్నపాలు ఆడవాళ్ల శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు చేరడం ఆ సహవాసపు ఆనవాయితీ. ప్రమోద్ పోశం సంగతిని పేరు లేకుండానే తన భార్య స్నేహలతకు చేరవేశాడు. కాకపోతే ఎవరి కోసమో దేవుడికి తెలియాలి కదా అని రెండు గుర్తులు చెప్పాడట. స్నేహలత కళ్లు మూసుకుని గొంతెత్తింది.

"ప్రభువా, పేరు చెప్పని ఒక సహోదరుడు. పంపు డ్యూటీ. ఎడమ చెవి వినరాదు. ఫోన్ శోధన నుంచి విడిపించు."

కాలనీలో పంపు నడిపే చెవిటివాడు ఒక్కడే, పోశం. వాడి పెళ్లాం రుక్కమ్మ ముందు వరుసలోనే కూర్చుంది. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది కూడా ఆమే.

రుక్కమ్మ ఇంటికొచ్చి రొట్టె వడ్డించింది. "నీ కోసం ఆమెన్ అనొచ్చిన."

పోశం రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశాడు.

"నలుగురికి చెప్పినవు. పక్కన పండుకున్నదానికి ఎందుకు చెప్పలే?"

"ఇడిసిపెట్టి పోతవని భయమైంది."

"యాడికి పోత? క్వార్టర్ నీ పేరు మీదున్నది." కొంగుతో ముక్కు తుడుచుకుని చెయ్యి చాచింది. "ఫోన్ తే. ఇగ ఏమున్నా ముందుగాల నాకే చెప్పు."

"చెప్త," అన్నాడు పోశం, ఫోన్ ఆమె చేతిలో పెడుతూ. మర్నాడు ఆమె దాన్ని చంద్రపూర్ బజారులో అమ్మి, బటన్ల ఫోన్ తెచ్చిచ్చింది.

మరుసటి ఆదివారం డాబా మీద చూస్తే సతీష్, మారుతి, అంజన్నల జేబుల్లోనూ బటన్ల ఫోన్లే. ఇంటింటా విచారణ జరిగినట్టుంది. పెద్ద ఫోన్ ప్రమోద్ చేతిలో ఒక్కటే మిగిలింది. పోశం చెయ్యెత్తాడు.

"నాదొక విన్నపం. ఒక సహోదరుడున్నడు. పేరు చెప్ప. నాగపూర్‌ల ట్రైనింగ్ అయింది. భార్య పేరు స్నేహలత."

అంజన్న నవ్వలేక దగ్గాడు. ప్రమోద్ ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టి, "నేనే పోశన్నా," అన్నాడు.

పోశం జరిగి, తన పక్కన చోటిచ్చాడు. సగం కోపం అక్కడే పోయింది. మిగతా సగం పోదు. పదకొండు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది పెట్టి కొన్న ఫోన్‌ను రుక్కమ్మ మూడు వేల రెండు వందలకు అమ్మింది. మునిగింది ఎనిమిది వేల రెండు వందల తొంభై తొమ్మిది రూపాయలు.